సీఎన్‌సీ రీల్: మనం చూసేది ఒకటి, లేత్ మేస్త్రి చూసేది ఇంకొకటి

రీల్స్ తిప్పుతుంటే ఎప్పుడో ఒకసారి మీకూ ఇలాంటి వీడియో తగిలే ఉంటుంది. గాజు తలుపు వెనక ఓ అల్యూమినియం దిమ్మె. దాని మీదికి గిర్రున తిరిగే కట్టర్ దిగుతుంది. కింద బల్ల ఓ పక్కకు ఒరిగి, తన చుట్టూ తాను తిరుగుతుంది. చిప్స్ వానలా కురుస్తాయి. కాసేపటికి ఆ దిమ్మెలోంచి మోటార్ సైకిల్ హెల్మెట్ బయటికొస్తుంది! జపాన్‌కు చెందిన దైషిన్ సీకీ అనే కంపెనీ ఫైవ్ యాక్సిస్ మిషన్ మీద ఒక్క దిమ్మెలోంచే ఫుల్‌ఫేస్ హెల్మెట్ చెక్కిన వీడియో ఏళ్ల తరబడి ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంది.

మనం నోరు తెరిచి చూసి, లైక్ కొట్టి, పైకి జరిపేస్తాం. అదే వీడియోను హుస్నాబాద్ లాంటి ఊళ్లో ఇరవై, ముప్పై ఏళ్లుగా మిషన్ ముందు నిలబడ్డ లేత్ మేస్త్రి చేతికిచ్చి చూడండి. ఆయన చూపు హెల్మెట్ మీద ఉండదు. మధ్యలో ఆపి, జూమ్ చేసి, దిమ్మె అడుగున ఏముందో వెతుకుతాడు. జాబ్‌ను ఎట్ల పట్టిండ్రు? మెషినిస్టుకు వచ్చే మొదటి డౌటు ఇదే. (లేత్ షాపులో జాబ్ అంటే ఉద్యోగం కాదు, మిషన్ మీద ఎక్కించిన ముక్క.)

ఈ పనిలో కోయడం కన్నా పట్టడమే కష్టం మరి. వైస్‌లో గట్టిగా బిగిస్తే పల్చటి గోడ లోపలికి వంగుతుంది. వంగిన గోడను మిషన్ సాఫుగానే కోస్తుంది. వైస్ విప్పగానే గోడ మళ్లీ నిటారవుతుంది, సైజు పోతుంది. వదులుగా బిగిస్తే కట్టర్ ఆ ముక్కను ఎత్తి అవతల పారేస్తుంది. ఎన్ని లక్షలు పెట్టి మిషన్ కొన్నా ఈ తిప్పలు తప్పవు.

రెండో చూపు టూల్ మీద పడుతుంది. హోల్డర్‌లోంచి కట్టర్ ఎంత పొడుగు బయటికొచ్చింది? పొడుగు రెట్టింపైతే అదే ఒత్తిడికి ఎనిమిది రెట్లు వంగుతుంది. ఇది ఇంజనీరింగ్ పుస్తకంలోని లెక్క. పుస్తకం ముట్టని మేస్త్రికి కూడా ఈ లెక్క చేతిలో ఉంటుంది.

మూడోది శబ్దం. కట్టర్ సాఫీగా తింటోందా, అదురుతోందా అన్నది మెషినిస్టు ముందు చెవితోనే పట్టేస్తాడు. మన రీల్స్ వాళ్లేమో ఆ శబ్దం తీసేసి పైన బీట్ వేస్తారు. పనివాడికి పనికొచ్చే ముక్క అదొక్కటే, దాన్నే కోసేశారు!

గా స్పీడుకు విరగాలె కదా?

ఆ తర్వాత వచ్చేది అనుమానం. పాత మిల్లింగ్ మిషన్ మీద చెయ్యి తిరిగినవాళ్లకు కొత్త మిషన్ చేసే కొన్ని పనులు తప్పుగానే కనిపిస్తాయి.

ఉదాహరణకు డౌన్ మిల్లింగ్. కట్టర్ పళ్లు తిరిగే దిక్కుకే జాబ్‌ను కూడా నడిపించడం. హ్యాండిల్ తిప్పే పాత మిషన్లలో స్క్రూకు, నట్‌కు మధ్య అరుగుదల వల్ల కొంచెం ప్లే ఉంటుంది. హ్యాండిల్ కొంత తిరిగినా బల్ల కదలదు. అలాంటి మిషన్ మీద డౌన్ మిల్లింగ్ చేస్తే ఆ ప్లే ఉన్నంత మేర కట్టర్ జాబ్‌ను ఒక్కసారిగా తన మీదికి లాక్కుంటుంది. పన్ను విరుగుతుంది, లేదా ముక్క ఎగురుతుంది. అందుకే కొత్తగా చేరిన పిల్లలకు అప్ మిల్లింగే చేయాలని గట్టిగా చెప్పి పెట్టేవారు. సీఎన్‌సీలో మామూలు స్క్రూ బదులు బాల్ స్క్రూ ఉంటుంది. మరలో ఉక్కు గుండ్లు దొర్లుతూ బల్లను నడుపుతాయి, ప్లే దాదాపు ఉండదు. కాబట్టి అక్కడ డౌన్ మిల్లింగే మామూలు పద్ధతి. పైగా ఫినిషింగ్ బాగా వస్తుంది. ముప్పై ఏళ్లు చేయొద్దన్న పనినే ఈ మిషన్ దర్జాగా చేస్తుంటే పాత మేస్త్రి ముందు ఉలిక్కిపడతాడు. తర్వాత లోపల స్క్రూ ఎట్లుందో చూపించమంటాడు.

స్పీడు సంగతీ అంతే. 10 ఎంఎం కట్టర్‌తో మైల్డ్ స్టీల్ కోయాలనుకోండి. పాత హైస్పీడ్ స్టీల్ కట్టర్‌కు నిమిషానికి 30 మీటర్ల కటింగ్ స్పీడు లెక్కేస్తే సుమారు 950 చుట్లు. కోటింగ్ ఉన్న కార్బైడ్ కట్టర్‌కు నిమిషానికి 150 మీటర్లు వేసినా 4,700 చుట్లు దాటుతుంది. ఒకేసారి అయిదు రెట్లు! దానికి తోడు కొత్త పద్ధతిలో కట్టర్‌ను నిలువునా లోతుగా దింపి, పక్క నుంచి మాత్రం సన్నటి పొర తీస్తారు, చాలా వేగంగా. చూసేవాళ్లకు టూల్ ఇప్పుడే పుటుక్కుమంటుందని అనిపిస్తుంది. కానీ పొర సన్నగా ఉండటం వల్ల ప్రతి పన్ను మీద పడే భారం తక్కువే.

ఇంకో వింత, నీళ్లు పోయకుండానే ఉక్కును కోయడం. నీలంరంగు చిప్స్ ఎగిరి పడుతుంటాయి. కూలెంట్ బంద్ అయిందేమో, టూల్ కాలిపోతదని కంగారు పడతారు. నిజానికి ఆ నీలంరంగు చాలాసార్లు మంచి గుర్తే. వేడి చిప్‌తోపాటు బయటికి పోతోందన్నమాట. కార్బైడ్ కట్టర్ ఉక్కును మిల్లింగ్ చేసేటప్పుడు ప్రతి పన్నూ కోస్తూ వేడెక్కుతుంది, బయటికొచ్చి చల్లబడుతుంది. మధ్యలో కూలెంట్ పోస్తే ఆ వేడి, చలి దెబ్బకు సన్నటి పగుళ్లు పడతాయి. అందుకే చాలాచోట్ల ఉత్త గాలి కొట్టి సరిపెడతారు.

అన్ని వీడియోలూ అంత నిజాయితీగా ఉండవు లెండి. కెమెరాకు కనిపించడం కోసమే కూలెంట్ ఆపేసి తీసినవి బోలెడు. అల్యూమినియం మెత్తటి లోహం, షో చేయడానికి బాగుంటుంది. మేస్త్రి మనసులో పందెం వేరే ఉంటుంది. ఇదే ఆటను గట్టి ఉక్కు ఈఎన్-24 మీద ఆడి చూపించమంటాడు.

తలుపు బయట నిలబడ్డ మనిషి

రీల్‌లో అసలు మనిషే కనపడడు. సీఎన్‌సీ అంటే బటన్ నొక్కితే అయిపోయే పని అనే మాట అక్కడే పుట్టింది. కొత్త ప్రోగ్రామ్ మొదటిసారి నడిపే గంట చూస్తే ఆ మాట మళ్లీ అనరు.

ప్రోగ్రామ్ అంటే వరసగా రాసిన కోడ్‌లు. జీ00 అంటే టూల్ ఖాళీలో వేగంగా పరుగెత్తాలి. జీ01 అంటే చెప్పిన ఫీడులో తిన్నగా కోస్తూ పోవాలి. జీ02, జీ03 అంటే వంపులు. ఎం08 అంటే కూలెంట్ వదలాలి. జాబ్ ఎక్కడ మొదలవుతుందో మిషన్‌కు చెప్పే కొలతను ఆఫ్‌సెట్ అంటారు. అందులో ఒక్క మైనస్ తప్పినా, ఒక అంకె అటూఇటూ అయినా, జీ00లో ఉన్న టూల్ నేరుగా వెళ్లి వైస్‌ను గుద్దుతుంది. చుట్టూ ఉన్నవాళ్లకు ఓ పెద్ద చప్పుడు వినిపిస్తుంది. ఓనర్‌కు స్పిండిల్ రిపేరు బిల్లు కనిపిస్తుంది.

అందుకే సెట్టర్ మొదటిసారి సింగిల్ బ్లాక్‌లో పెట్టి ఒక్కో లైనూ ఆపి నడిపిస్తాడు. ఒక చెయ్యి ఫీడు తగ్గించే నాబ్ మీద, ఇంకో చేతి బొటనవేలు ఫీడ్ హోల్డ్ బటన్ మీద. కళ్లు ఓసారి స్క్రీన్ మీద, ఓసారి టూల్ కొన మీద. టూల్ జాబ్‌కు దగ్గరవుతుంటే, తెరమీద ఇంకా ఎంత దూరం పోవాలని చూపిస్తోందో, కంటికి ఎంత ఖాళీ ఉన్నట్టుందో పోల్చుకుంటాడు. రెండూ కలవకపోతే ఆపేస్తాడు. పాత మిషన్ మీద నేర్చిన కన్నే ఇక్కడా కాపాడేది.

1952లోనే మొదలైన భయం

ఈ మిషన్‌ను చూసి నా చేతి పని ఎవరో తీసుకుంటున్నారని అనిపించడం కొత్తేం కాదు. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కల పనిలో ఉండేవాడు. వంపు మీది పాయింట్లను ముందే లెక్కగట్టి, ఒకరు అంకెలు చదువుతుంటే ఇద్దరు చెరో హ్యాండిల్ తిప్పేలా మిల్లింగ్ చేయించాడు. ఆ ఇద్దరి చేతుల బదులు మోటార్లు పెడితే? ఆ ఆలోచనే మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి, అంటే ఎంఐటీకి చేరి, 1952లో చిల్లుల టేపు చదివి నడిచే మిల్లింగ్ మిషన్‌గా జనం ముందుకొచ్చింది. 1959లో అక్కడే కంప్యూటర్ భాషతో ప్రోగ్రామ్ చేసి చెక్కిన అల్యూమినియం యాష్‌ట్రేలను విలేకరులకు పంచారు. అప్పటి రీల్ అదే అనుకోండి.

కర్ట్ వానెగట్ అనే రచయిత అప్పట్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసేవాడు. అక్కడ దానంతటదే కోసే మిల్లింగ్ మిషన్‌ను చూసి ఆయన రాసిన నవల 'ప్లేయర్ పియానో'. అది వచ్చింది కూడా 1952లోనే. అందులో రూడీ హెర్ట్జ్ అనే ముసలి లేత్ మెషినిస్టు ఉంటాడు. ఫ్యాక్టరీలో అందరికన్నా పనిమంతుడని ఎంచి, ఆయన చేతి కదలికలన్నీ టేపులో రికార్డు చేసుకుంటారు. ఇక ఆ టేపే మిషన్లను నడుపుతుంది. రూడీకి మాత్రం తనను ఎంచుకున్నారనే గర్వం.

ఇది కథే కాదు. మెషినిస్టు చేతి పనిని టేపు మీద రికార్డు చేసి మళ్లీ నడిపే పద్ధతిని జనరల్ ఎలక్ట్రిక్ నిజంగానే తయారుచేసింది. అది నిలబడలేదు, ఆఫీసులో కూర్చుని ప్రోగ్రామ్ రాసే పద్ధతి గెలిచింది. టెక్నాలజీ ఒక్కటే దీన్ని తేల్చలేదని, పని మీద అదుపు షాపులోని పనివాడి దగ్గరుండాలా, మేనేజ్‌మెంట్ దగ్గరా అన్న గొడవ కూడా ఉందని చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో ఒక పుస్తకమే రాశాడు. నాకైతే ఆ మాటలో పస ఉందనిపిస్తుంది. ఇవాళ్టికీ తేలని ప్రశ్న అది: ప్రోగ్రామ్ ఎవరు రాస్తారు?

మరి మన ఊరి లేత్ షాపు?

ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో, 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉన్న హుస్నాబాద్ చుట్టుపక్కలంతా వ్యవసాయమే. వరికోతలప్పుడు హార్వెస్టర్ షాఫ్ట్ అరిగిపోతుంది. బోరు మోటారు బుష్ పోతుంది. రోటవేటర్‌లో ఏదో ఒకటి విరుగుతుంది. రైతు దాన్ని బండి మీద వేసుకుని వస్తాడు, సాయంత్రానికల్లా కావాలంటాడు. వాన మబ్బు పట్టి ఉంటుంది.

డ్రాయింగ్ ఉండదు. మేస్త్రి అరగని చోట వెర్నియర్ పెట్టి అసలు సైజు కనుక్కుంటాడు. అరిగినచోట వెల్డింగ్‌తో నింపి, లేత్ మీద మళ్లీ కోసి సైజుకు తెస్తాడు. ఆ వెల్డింగ్ ఒకచోట మెత్తగా, ఒకచోట రాయిలా ఉంటుంది. టూల్ అరుస్తుంటే చేత్తోనే ఫీడు తగ్గిస్తాడు. ఇలాంటి ఒక్క ముక్క కోసం సీఎన్‌సీ ప్రోగ్రామ్ రాసి, ఆఫ్‌సెట్ పెట్టి, సెట్ చేసేలోపు ఈయన పని ముగించి చేతులు కడుక్కుంటాడు. సీఎన్‌సీ బలం వేరే చోట ఉంది. ఒకేలాంటి ముక్కలు వందలు కావాలన్నా, చెయ్యి తిరగలేని వంపు కోయాలన్నా దాని ముందు ఎవరూ నిలవరు. కాబట్టి రిపేరు షాపుకు సీఎన్‌సీతో ఇప్పటికిప్పుడు ముప్పు లేదు. ఆ స్టూలు మీద కూర్చుని నేర్చుకునే పిల్లలు రాకపోతేనే ముప్పు.

రిపేరుది చిన్న పని అనుకునేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్ బాలానగర్‌లో 1970లో మొదలైన ఎంటీఏఆర్ ఇస్రో వికాస్ ఇంజిన్‌కు భాగాలు చేసే కంపెనీ. ఆ పొట్టి పేరు వెనకున్నది మెషిన్ టూల్స్ ఎయిడ్స్ అండ్ రీకండిషనింగ్. అంటే పాత మిషన్లను బాగుచేసే పని ఆ పేరులోనే ఉంది!

పిల్లలు హైదరాబాద్ పోతున్నారు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి. ఐటీఐలో మెషినిస్ట్ ట్రేడ్ రెండేళ్లు. టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ 1968 నుంచి బాలానగర్‌లోనే ఉంది. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, అందులో సీఎన్‌సీ మెషినింగ్ కోర్సు కూడా ఉంది. దారులు లేవనడానికి లేదు.

కానీ సీఎన్‌సీ ఉద్యోగం అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఆపరేటర్ ముక్క ఎక్కిస్తాడు, తలుపు మూస్తాడు, గ్రీన్ బటన్ నొక్కుతాడు, ముక్క తీసి కొలుస్తాడు. షిఫ్టంతా అదే. సెట్టర్ టూల్స్ ఎక్కించి, ఆఫ్‌సెట్ పెట్టి, మొదటి ముక్క సరిగ్గా వచ్చేదాకా బాధ్యత మోస్తాడు. ప్రోగ్రామర్ కంప్యూటర్ ముందు ఏ టూల్ ఎటు నుంచి పోవాలో తేలుస్తాడు. ఆపరేటర్‌గానే ఏళ్లు గడిపేస్తే, ముక్కలు ఎక్కించే రోబో వచ్చిన రోజు ముందు పోయేది ఆ సీటే.

కాబట్టి ఇంటర్వ్యూకు పోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు జీతం ఎంతని అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. ఇక్కడ ఆఫ్‌సెట్ ఎవరు పెడతారు? టూల్ విరిగితే ఎవరు మారుస్తారు? సెట్టర్ వస్తాడు, నువ్వు ముట్టుకోవద్దు అన్న జవాబు వస్తే, ఆ సెట్టర్ పక్కన నిలబడి నేర్చుకోవడానికి షిఫ్టు అయ్యాక ఓ గంట ఉండనిస్తారేమో అడిగి చూడండి.