కబురే నడిచొస్తుంది!

తుపాను కబురంటే చాలు, సిక్కోలు తీరం ఉలిక్కిపడుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది మరి! అలాంటి హెచ్చరికల కోసం మాటిమాటికీ వెబ్‌సైట్లు తెరిచి చూడాలా? అక్కర్లేదు... ఆర్‌ఎస్‌ఎస్‌ ఫీడ్‌ ఉందిగా! 1999లో నెట్‌స్కేప్‌ తెచ్చిన పద్ధతిది. సైటులో కొత్తగా చేరినవాటి శీర్షికలు, తేదీలు, లింకులు ఓ చిన్న ఫైల్లో ఉంటాయి. ఫీడ్లీ లాంటి రీడర్‌ దాన్ని తరచూ చూసొచ్చి, కొత్త కబుర్లన్నీ ఒక్కచోట మన ముందుంచుతుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే సచేత్‌ పోర్టల్లోనూ ఇలాంటి ఫీడ్‌ ఉంది. దాని చిరునామాను రీడర్లో చేరిస్తే సరి. అయితే ఒక్క మాట... రీడర్‌ ఎంతసేపటికోసారి చూస్తే కబురూ అంత ఆలస్యమవుతుంది. అందుకే చేపల వేటకెళ్లేముందు రేడియో కూడా వినాల్సిందే!