వెన్నుపోటుకు వెల ఉంటుంది

కూటములు కట్టే ఆటల్లో చివరికి గెలిచేది మోసగాడేనని చాలామంది నమ్మకం. ఈ కోవలో పేరుమోసిన 'డిప్లొమసీ'ని పరిశీలిస్తే అది సగం నిజమేనని తెలుస్తుంది. అమెరికాకు చెందిన అలన్ కాల్హమర్ 1954లో రూపొందించి 1959లో వెలువరించిన ఈ ఆటలో ఏడుగురు ఆటగాళ్లు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందునాటి ఏడు రాజ్యాలను నడుపుతారు. పటం మీది 34 కేంద్రాల్లో 18 దక్కించుకున్నవారిదే గెలుపు. పాచికలు లేవు. ప్రతి దళానికీ బలం ఒక్కటే. మంతనాల్లో ఏ మాటైనా ఇవ్వవచ్చు, దాన్ని నిలబెట్టుకోవాలన్న నియమం లేదు. ఆ తర్వాత అందరూ రహస్యంగా రాసుకున్న ఆదేశాలు ఒకేసారి బయటపడతాయి.

బలాలు సమానం కాబట్టి ఒంటరి దాడి సాగదు. సెర్బియాలో ఆస్ట్రియా సైన్యం ఉందనుకుందాం. బల్గేరియా నుంచి టర్కీ ఒక్కటే దాడి చేస్తే ఒకటికి ఒకటి, ఎవరి చోట వాళ్లుంటారు. రుమేనియాలోని రష్యా సైన్యం ఆ దాడికి మద్దతు రాస్తే రెండుకు ఒకటి. వేరే అండ లేకపోతే ఆస్ట్రియా ఖాళీ చేయాల్సిందే. అంటే టర్కీ గెలుపు రష్యా రాసే ఒక్క వాక్యం మీద ఆధారపడింది. రష్యా మాట తప్పితే ఆ సంగతి టర్కీకే కాదు, బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలిసిపోతుంది. ఆటలో తర్వాతి ఏడాది మద్దతు కావాల్సి వచ్చినప్పుడు రష్యా ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఒప్పందాన్ని కాపాడేది మంచితనం ఒక్కటే కాదు, రేపు మళ్లీ పడబోయే అవసరం కూడా.

రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1980 ప్రాంతంలో జరిపిన కంప్యూటర్ పోటీలు దీన్నే బలపరుస్తాయి. సహకరించాలో మోసగించాలో ఎంచుకుంటూ ఒకే జంట మళ్లీ మళ్లీ తలపడే ఆ పోటీలకు మొదట 14, తర్వాత 62 వ్యూహాలు వచ్చాయి. రెండుసార్లూ నెగ్గింది అనటోల్ రాపొపోర్ట్ పంపిన 'టిట్ ఫర్ టాట్'. మొదట సహకరించడం, ఆపైన ఎదుటివాడు కిందటిసారి చేసిందే తిరిగి చేయడం, అంతే దాని పద్ధతి. 2022లో మెటా సంస్థ పరిశోధకులు ప్రకటించిన 'సిసెరో' ప్రోగ్రాం 40 డిప్లొమసీ ఆటల్లో మనుషుల సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ స్కోరు తెచ్చుకుంది. తాను వేయబోయే ఎత్తుకు తగ్గట్టుగానే మాట్లాడేలా దాన్ని తీర్చిదిద్దారు.

దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. సిసెరో కూడా మోసగించిందని ఆ తర్వాత మరికొందరు పరిశోధకులు చూపించారు. అది నిజమే; పరిస్థితి మారితే ఎత్తు మార్చుకునే స్వేచ్ఛ దానికి ఉంది. అందువల్ల నిజాయితీ ఒక్కటే గెలిపిస్తుందని అనలేం. రెండోది ఇంకా బలమైనది: గెలుపు ఒక్కరిదే కావాలంటే చివర్లో మిత్రుణ్ణి దాటక తప్పదు కదా? తప్పదు. కానీ ఆ చివరి మలుపు దాకా చేర్చేది మిత్రుడి మద్దతే. రేపు లేదని తేలిన చోటే మాటకు విలువ పోతుంది. ఆక్సెల్‌రాడ్ రెండో పోటీలో ముగింపు ఎప్పుడో ముందుగా తెలియకుండా చేసింది ఇందుకే. ఒప్పందాలు నిలవాలంటే ప్రమాణాలు చేయించినందువల్ల లాభం లేదు. మాట తప్పిన సంగతి అందరికీ కనబడాలి, తప్పినవాడికి మళ్లీ వాళ్లతోనే పని పడాలి.