తోపుడు బండి హక్కు: లెక్కలేం చెబుతున్నాయి?

తెల్లవారకముందే మార్కెట్‌కు వెళ్లి 4,000 రూపాయల టమాటాలు కొని తెచ్చుకున్న బండివాడికి రోజుకు 600 మిగులుతాయనుకుందాం. మున్సిపాలిటీవాళ్లు పొద్దున్నే సరుకుతో సహా బండి ఎత్తుకెళ్లి వారం తర్వాత ఇస్తే? కుళ్లిన టమాటాలకు 4,000, ఏడు రోజుల సంపాదన 4,200, మొత్తం 8,200. దాదాపు 14 రోజుల కష్టం. జరిమానా ఇంకా కలపలేదు.

ఇలాంటి నష్టానికి అడ్డుకట్టగా 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఆ చట్టంలో సంప్రదాయ ఉదారవాదం ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. మనిషి స్వేచ్ఛకూ ఆస్తికీ రక్షణ ఉండాలి, ప్రభుత్వం అధికారి ఇష్టప్రకారం కాక ముందే ప్రకటించిన నియమాల ప్రకారం నడవాలి అన్నది ఆ సిద్ధాంతం.

అది పెద్ద కంపెనీల సిద్ధాంతం కాదా? కాదు. పేదవాడికి ఉన్న ఆస్తి అతని రెక్కల కష్టమేనని, దాన్ని నిజాయితీగా వాడుకోనివ్వకపోవడం అన్యాయమని ఆడమ్ స్మిత్ 1776లోనే వాదించాడు. లైసెన్సు-పర్మిట్ రాజ్యాన్ని ఎదిరిస్తూ 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షత వహించింది కూడా కంపెనీ యజమాని కాదు, నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగంలోని 19వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని, సమంజసమైన ఆంక్షలు మాత్రం ఉండొచ్చని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది.

అందరూ రోడ్డెక్కితే మనం నడిచేదెలా? చట్టం దీనికో పరిమితి పెట్టింది: జనాభాలో 2.5 శాతం. లక్ష మంది ఉన్న ఊళ్లో 2,500 మంది. ఇంటికి నలుగురు చొప్పున చూస్తే పది ఇళ్లకు ఒక వ్యాపారి. అమ్మకాలు నిషేధించిన చోట్లు వేరే ఉంటాయి. ఒక చోట పట్టనంత మంది ఉంటే లాటరీ తీసి, మిగిలినవారికి పక్క ప్రాంతంలో చోటివ్వాలి. బతుకుతెరువుకు ఇలా శాతం కట్టడం నాకు నచ్చదు. అయినా అసలు నియమమే లేకపోవడం కన్నా ఇది నయం, ఎందుకంటే నియమం లేని చోట మామూళ్లు రాజ్యమేలుతాయి.

ఎక్కడ అమ్ముకోవచ్చో, ఎక్కడ కూడదో తేల్చేదెవరు? టౌన్ వెండింగ్ కమిటీ సిఫార్సుతో మున్సిపాలిటీ. కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు. 20 మంది కమిటీ అయితే ఎనిమిది మంది వ్యాపారులు, అందులో కనీసం ముగ్గురు ఆడవాళ్లు.

వీధిలో అమ్ముకోవడానికి అనుమతినిచ్చే ధ్రువపత్రం ఇంకా రాకపోతే? వీధి వ్యాపారులను గుర్తించే సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

సరుకు పట్టుకుంటే? ఏమేం పట్టుకున్నారో జాబితా రాసి, సంతకం పెట్టి, నకలు చేతికివ్వాలి. రుసుము కట్టి అడిగితే కూరగాయలు, పళ్లలాంటివి అదే రోజు, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. అప్పుడు మన టమాటాలు దక్కుతాయి. రుసుము కాక పోయేది రెండు రోజుల సంపాదన, అంటే 1,200. ముందటి 8,200తో పోల్చండి. ఆ తేడా 7,000 మన లెక్కలో పదకొండు రోజుల సంపాదనకు పైనే. అందుకే బండి ఎత్తేటప్పుడు మొట్టమొదట అడగాల్సింది ఆ జాబితా. అది చేతిలో లేకపోతే ఎన్ని కిలోలు పోయాయో తర్వాత రుజువు చేయడం చాలా కష్టం.