నడుంలో సూది: భయాలు, నిజాలు

కాన్పు సమయంలో ఇచ్చే స్పైనల్, ఎపిడ్యూరల్ మత్తు గురించి తల్లులు, అత్తగార్లు అడిగే ప్రశ్నలకు జవాబులు

"డాక్టరమ్మా, ఇంకేమైనా చెయ్యండి గానీ నడుంలో మాత్రం సూది వద్దమ్మా. మా తోటికోడలికి అలాగే ఇచ్చారు. ఇప్పటికీ వంగి బిందె ఎత్తలేకపోతోంది." గర్భిణీల పరీక్షల రోజున మేము తరచుగా వినే మాట ఇది. గాజువాక నుంచి వచ్చిన స్టీల్ ప్లాంటు ఉద్యోగి భార్య అయినా, మల్కాపురం నుంచి వచ్చిన పోర్టు కార్మికుడి కోడలయినా, భీమిలి నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబపు అమ్మాయి అయినా ఈ భయం మాత్రం ఒక్కటే.

భయపడటం తప్పు కాదు. అయితే ఈ భయం వలన రెండు రకాల నష్టం జరుగుతోంది. కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతున్నప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. అటువంటి సమయంలో "మొత్తం మత్తు ఇవ్వండి, నడుంలో వద్దు" అని ఇంటివారు తర్జనభర్జన పడుతూ ఉంటే ఆలస్యం జరుగుతుంది. ఇది మొదటి నష్టం. పురిటి నొప్పులు తట్టుకోలేమనే భయంతో, అవసరం లేకపోయినా ముందే ఆపరేషన్ అడగటం రెండవ నష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 100 కాన్పులలో 42, తెలంగాణలో 60కి పైగా సిజేరియన్ ద్వారానే జరిగాయి. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21 మాత్రమే. ఇన్ని ఆపరేషన్లకు కారణాలు చాలా ఉన్నాయి. నొప్పి భయం వాటిలో ఒకటి.

అందుచేత ఈ సంచికలో ఆ సూది గురించి ఉన్నది ఉన్నట్టుగా తెలుసుకుందాం.

స్పైనల్ వేరు, ఎపిడ్యూరల్ వేరు

మెదడు నుంచి క్రిందికి దిగే వెన్నుపాము నడుము చివరి వరకూ ఉండదు. పెద్దవారిలో అది నడుము పైభాగంలోనే, అంటే మొదటి రెండు నడుము పూసల దగ్గరే ముగిసిపోతుంది. అక్కడి నుంచి క్రిందికి సన్నని నరాలు మాత్రమే నీటిలో తేలే దారాలలాగా వ్రేలాడుతూ ఉంటాయి. మత్తు సూది వేసేది దానికి బాగా క్రిందుగా, సుమారు మొలతాడు ఉండే ఎత్తులో. "వెన్నుపాములో గుచ్చుతారు" అనే మాట అందుకే సరికాదు.

స్పైనల్ అంటే వెంట్రుకలా సన్నగా ఉండే సూదితో ఆ నీటిలోకి కొద్దిగా మందు ఒకేసారి ఇవ్వటం. అయిదు నిమిషాలలో కాళ్ళు బరువెక్కి, రొమ్ము క్రింది నుంచి పాదాల వరకూ మొద్దుబారుతుంది. ఆపరేషన్‌కు సరిపడా, రెండు గంటలో అంతకు కొంచెం ఎక్కువో, దాని ప్రభావం ఉంటుంది. సిజేరియన్‌కు ఎక్కువగా వాడేది ఇదే.

ఎపిడ్యూరల్‌లో సూది ఆ నీటి సంచి దాకా పోదు, దాని వెలుపలే ఆగుతుంది. అక్కడ దారం లాంటి సన్నని ప్లాస్టిక్ గొట్టం అమర్చి, సూది బయటకు తీసేస్తారు. ఆ గొట్టం ద్వారా కాన్పు అయ్యేవరకూ కొంచెం కొంచెంగా మందు ఇస్తూ ఉంటారు. పని మొదలుపెట్టటానికి 15, 20 నిమిషాలు పడుతుంది. మామూలు కాన్పులో నొప్పి తగ్గించటానికి ఇచ్చేది ఇదే. మధ్యలో ఆపరేషన్ అవసరమైతే అదే గొట్టం ద్వారా ఇంకొంత మందు ఇచ్చి ఆపరేషన్ కూడా చేయవచ్చు.

"నీరు తీసేస్తారట కదా?" అని కొందరు అడుగుతారు. మత్తు కోసం ఎవరూ నీరు తీయరు. సూది సరైన చోట ఉందో లేదో తెలుసుకోవటానికి రెండు మూడు చుక్కలు కనబడితే చాలు. మన శరీరం రోజుకు సుమారు అర లీటరు ఆ నీటిని కొత్తగా తయారుచేసుకుంటూనే ఉంటుంది.

భయం ఎక్కడి నుంచి వచ్చింది?

భయానికి చరిత్రలో కారణాలు లేకపోలేదు. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ మొదటిసారి స్పైనల్ మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశాడు. తరువాత ఆయన, ఆయన సహాయకుడు తమ మీదే దానిని పరీక్షించుకుని తలనొప్పితో మంచం పట్టారు. ఆనాటి సూదులు లావుగా ఉండేవి. 1947లో ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్‌లో ఒకే రోజున స్పైనల్ మత్తు తీసుకున్న ఇద్దరు పురుషులకు కాళ్ళు పడిపోయాయి. ఈ వార్త చాలా ఏళ్ళపాటు ప్రపంచమంతటా డాక్టర్లను సైతం భయపెట్టింది. మందు సీసాలను ఉంచిన క్రిమిసంహారక ద్రావణం లోపలికి చేరిందని కోర్టులో తేలింది. సూదులు మరిగించే పాత్రలో మిగిలిపోయిన యాసిడ్ కారణమని తరువాత మరికొందరు నిపుణులు అభిప్రాయపడ్డారు. ఏది నిజమైనా తప్పు మత్తు మందుది కాదు, శుభ్రతలోనే లోపం జరిగింది. నేడు వాడే సూది ప్యాకెట్టులో వస్తుంది, ఒక్కరికే వాడి పారవేస్తారు. సూదులను మరిగించి మళ్ళీ మళ్ళీ వాడిన రోజులు పోయాయి.

మన తెలుగు నేలకు కూడా మత్తు వైద్య చరిత్రలో మంచి స్థానం ఉంది. క్లోరోఫాం ఎంతవరకు సురక్షితమో తేల్చటానికి 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు పనిచేశాయి. అదే నగరంలో క్లోరోఫాం ఇవ్వటంలో నేర్పు సంపాదించిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా చెప్పుకుంటారు.

నడుము నొప్పి జీవితాంతం ఉంటుందా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సూది వేసిన చోట రెండు మూడు రోజులు, ఒక్కొక్కరికి కొన్ని రోజులు ఎక్కువగా, నొక్కితే నొప్పి ఉండవచ్చు. దెబ్బ తగిలిన చోట కమిలినట్లు ఉంటుంది, తగ్గిపోతుంది. ఎప్పటికీ ఉండే నడుము నొప్పికి ఆ సూది కారణం కాదని, ఎపిడ్యూరల్ తీసుకున్న తల్లులను, తీసుకోని తల్లులను పోల్చి చూసిన పరిశోధనలలో తేలింది. రెండు గుంపులలోనూ నడుము నొప్పి దాదాపు సమానంగానే కనబడింది.

మరి నొప్పి ఎందుకు వస్తోంది? గర్భిణీలలో దాదాపు సగం మందికి సూది పడకముందే నడుము నొప్పి ఉంటుంది. కడుపు బరువు ముందుకు లాగుతుంది, కీళ్ళ దగ్గర కట్లు వదులవుతాయి. కాన్పయ్యాక వంగి కూర్చుని పాలివ్వటం, బిడ్డను ఒకే చంకన మోయటం, రక్తహీనత, నిద్రలేమి అన్నీ తోడవుతాయి. సూది మాత్రం అందరికీ గుర్తుండిపోతుంది కనుక నేరమంతా దానిమీదకు పోతుంది. వీపుకు దిండు ఆనించుకుని పాలివ్వండి. డాక్టరు చెప్పిన తరువాత నడుము వ్యాయామాలు చేయండి. ఐరన్, కాల్షియం మాత్రలు మానకండి.

కాళ్ళు పడిపోతాయా?

మత్తు ఉన్నంతసేపు కాళ్ళు కదలవు, అది మందు పని. కొన్ని గంటలలో తిరిగి వస్తాయి. ఆ తరువాత కూడా మిగిలిపోయే నష్టం చాలా అరుదు. బ్రిటన్‌లోని ప్రసూతి మత్తు వైద్యుల సంఘం తల్లులకిచ్చే సమాచారం ప్రకారం, ఆరు నెలలకు మించి నరానికి ఇబ్బంది మిగలటం సుమారు 13,000 మందిలో ఒకరికి, కాళ్ళు పడిపోయేంత తీవ్రమైన నష్టం సుమారు 2,50,000 మందిలో ఒకరికి జరగవచ్చు. ఎంత చిన్న సంఖ్య అయినా సున్న కాదు. అందుకే రక్తపరీక్ష, శుభ్రత, తరువాతి గమనింపు ముఖ్యం. మత్తు లేకపోయినా, బిడ్డ తల నరాలను నొక్కటం వలన కాన్పు తరువాత కాలు తిమ్మిరెక్కటం జరగవచ్చని కూడా తెలుసుకోండి.

తలనొప్పి వస్తుందా? తలగడ పెట్టుకోకూడదా?

నీటి సంచికి పడిన రంధ్రంలోంచి నీరు కారితే తలనొప్పి వస్తుంది. పైన చెప్పిన సంఘం లెక్క ప్రకారం ఇది ఎపిడ్యూరల్‌లో సుమారు 100 మందిలో ఒకరికి, స్పైనల్‌లో సుమారు 500 మందిలో ఒకరికి తీవ్రంగా వస్తుంది. లేచి కూర్చుంటే పెరగటం, పడుకుంటే తగ్గటం దీని గుర్తు. ఎక్కువగా మొదటి మూడు రోజులలో మొదలవుతుంది. నొప్పి మాత్రలు, నీరు, కాఫీతో చాలామందికి ఉపశమనం కలుగుతుంది. అలా తగ్గకపోతే తల్లి చేతి నుంచి తీసిన కొద్ది రక్తాన్ని నడుంలో అదే చోట ఎక్కించి రంధ్రం మూసే పద్ధతి ఉంది. దాచుకుని బాధపడవద్దు, సిస్టర్‌కు చెప్పండి.

ఇరవై నాలుగు గంటలు తలగడ లేకుండా, కదలకుండా పడుకోవాలని మన ఇళ్ళలో గట్టిగా చెబుతారు. అలా పడుకోవటం వలన తలనొప్పి రాకుండా ఆగదని పరిశోధనలు చెప్పాయి. పైగా కదలకుండా ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కాళ్ళు పూర్తిగా స్వాధీనంలోకి వచ్చాక, సిస్టర్ సహాయంతో లేచి నడవటమే మంచిది. పెద్దలకు ఇంకొక మనవి. పచ్చి బాలింతకు నీళ్ళు ఇవ్వకూడదనే పథ్యం మానండి. దాహం తీరా నీళ్ళు ఇవ్వండి.

బిడ్డకు మత్తు ఎక్కుతుందా? పాలు పడతాయా?

నడుంలో ఇచ్చే మందు తల్లి రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది. బిడ్డ మామూలుగానే ఏడుస్తుంది. తల్లి మెలకువగా ఉంటుంది కనుక మొదటి ఏడుపు వింటుంది, వెంటనే గుండెలకు హత్తుకుని ముర్రుపాలు పట్టవచ్చు. తల్లి బీపీ తగ్గితే బిడ్డకు రక్తం తగ్గుతుంది. అందుకే సెలైన్ పెట్టి, బీపీ మాటిమాటికీ చూస్తాము.

సిజేరియన్‌లో పూర్తి మత్తు కన్నా స్పైనల్‌నే ఎందుకు కోరుకుంటామంటే, నిండు గర్భిణీకి పూర్తి మత్తులో గొట్టం వేయటం కష్టం కావచ్చు, కడుపులోని ఆహారం ఊపిరితిత్తులలోకి పోవచ్చు.

నొప్పి తెలియకపోతే ముక్కటం ఎలా?

ఎపిడ్యూరల్ ఇస్తే ఆపరేషన్ తప్పదని చెప్పుకోవటం నిజం కాదు. దాని వలన సిజేరియన్లు పెరగవని అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. ముక్కే దశ కొంచెం ఎక్కువసేపు పడుతుంది. మందు మోతాదు ఎక్కువగా ఉన్న పాత రోజులలో పరికరంతో బిడ్డను బయటకు తీయవలసిన కాన్పులు పెరిగేవి. నేటి తక్కువ మోతాదులో ఆ తేడా కనబడటం లేదు. ఒళ్ళు కొంచెం వేడెక్కటం, దురద, వణుకు, మూత్రం పోయటం కష్టమవటం ఉండవచ్చు. ఎనిమిది మందిలో ఒకరికి నొప్పి అనుకున్నంత తగ్గకపోవచ్చు. అప్పుడు గొట్టం సరిచేస్తారు, లేదా వేరే మార్గం చూస్తారు.

ఆపరేషన్‌లో లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది, కోత నొప్పి తెలియకూడదు. తెలిస్తే వెంటనే చెప్పండి. మత్తు డాక్టరు మీ తల దగ్గరే ఉంటారు.

దేవుడు పెట్టిన నొప్పిని తీసివేయవచ్చా?

మన సంఘ కుటుంబాలలో కొందరు పెద్దలు ఆదికాండము మూడవ అధ్యాయాన్ని గుర్తుచేసి ఈ ప్రశ్న అడుగుతారు. ఇది కొత్త ప్రశ్న కాదు. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ కాన్పులో మత్తు వాడినప్పుడు ఇవే అభ్యంతరాలు వచ్చాయి. అదే గ్రంథంలో రెండవ అధ్యాయం చూడండని ఆయన జవాబిచ్చాడు. ఆదాము ప్రక్కటెముక తీయబోయే ముందు దేవుడు అతనికి గాఢనిద్ర కలుగజేశాడు కదా! 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో క్లోరోఫాం తీసుకున్నాక ఈ వాదన చాలావరకు చల్లబడింది. 1956లో పోప్ పన్నెండవ పయస్ కూడా నొప్పి లేని కాన్పు విశ్వాసానికి విరుద్ధం కాదన్నారు.

ఆ మూడవ అధ్యాయంలోనే పురుషుడికి చెమటోడ్చి పనిచేయటం కూడా చెప్పబడింది. అయినా ఫర్నేసుల దగ్గర పనిచేసే మన సహోదరుడికి ఫ్యాను వద్దని ఎవరమూ అనము, పోర్టులో క్రేన్లు తీసివేసి బరువులు మోయమనము. నొప్పితో కన్న తల్లి గొప్పదే. నొప్పి తగ్గించుకుని కన్న తల్లి విశ్వాసం తక్కువదేమీ కాదు.

ఎవరికి ఇవ్వకూడదు? ముందుగా ఏమి చెప్పాలి?

రక్తం గడ్డకట్టటంలో లోపం ఉన్నవారికి, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారికి, సూది వేసే చోట చీము లేక పుండు ఉన్నవారికి, విపరీతంగా రక్తస్రావం అవుతున్నవారికి ఈ మత్తు తగదు. వర్షాకాలంలో విశాఖలోనూ, ఏజెన్సీ ప్రాంతంలోనూ వచ్చే డెంగ్యూ, మలేరియాలలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కనుక జ్వరం వచ్చి తగ్గినా చెప్పండి. బీపీ, గుండె జబ్బు, రక్తం పలుచబడే మందులు, వెన్నుపూస ఆపరేషన్, పాత కాన్పులో మత్తుతో వచ్చిన ఇబ్బంది, చివరిసారి ఎప్పుడు ఏమి తిన్నారు, ఏదీ దాచవద్దు. ఏడవ, ఎనిమిదవ నెలలోనే మత్తు డాక్టరుతో మాట్లాడండి. నొప్పుల మధ్యలో ఏ మాటా చెవికెక్కదు.

ఇంటికి వెళ్ళాక ఇవి కనబడితే వెంటనే ఆసుపత్రికి రండి

• కూర్చుంటే పెరిగే తీవ్రమైన తలనొప్పి, లేదా మెడ పట్టేయటం, వెలుతురు చూడలేకపోవటం
• జ్వరంతో పాటు నడుంలో పెరుగుతున్న నొప్పి, సూది చోట వాపు లేక చీము
• కాళ్ళలో కొత్తగా బలహీనత, తిమ్మిరి
• మూత్రం రాకపోవటం, లేదా మూత్రం, మలం ఆపుకోలేకపోవటం
• ఫిట్స్, చూపు మసకబారటం

చివరిగా

ఎపిడ్యూరల్ అన్ని ఆసుపత్రులలో దొరకదు. మత్తు డాక్టరు రాత్రింబవళ్ళు అందుబాటులో ఉండాలి, ఖర్చు ఉంటుంది. ముందే అడిగి తెలుసుకోండి. అది లేకపోయినా తల్లి ఒంటరి కాకూడదు. నమ్మకమైన ఒక ఆడమనిషి ప్రక్కన ఉండటం, నొప్పుల మధ్య నడవటం, నడుము రుద్దటం, నెమ్మదిగా ఊపిరి తీయటం నిజంగా సహాయపడతాయి.

అత్తగార్లకు, భర్తలకు ఒక మనవి. సంతకం మీరు పెట్టినా, నొప్పి పడేది ఆమె. కావాలా వద్దా అన్నది ముందుగా ఆమెను అడగండి. వద్దంటే బలవంతం చేయవద్దు, కావాలంటే ఎగతాళి చేయవద్దు. కాన్పు గదిలో ఉన్న ప్రతి తల్లికీ ప్రభువు ధైర్యమును, మా చేతులకు నేర్పును దయచేయును గాక.