సగం కెమెరాకి, సగం మనకి

2015 గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వెళ్లాం. కోటిలింగాల రేవులో అసురసంధ్య వేళ అమ్మ అరటిదొప్పలో దీపం పెట్టి నీళ్లలో వదులుతుంటే, తమ్ముడు కొనిచ్చిన డిజిటల్ కెమెరాతో టక్కున నొక్కాను. తీరా చూస్తే ఏముంది! వెనక మెట్లు బాగానే పడ్డాయి. అమ్మ ముఖం మాత్రం అలికేసినట్టుంది. మళ్లీ పుష్కరమంటే 12 ఏళ్లాయె!

"ఆటోలో పెట్టి తీశావా అక్కా?" అన్నాడు తమ్ముడు. తప్పంతా అక్కడే ఉంది. వెలుతురు చాలక కెమెరా షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచింది. ఈలోగా అమ్మ కదిలింది.

మీ కెమెరా పైనున్న చక్రం చూడండి. ఎ, ఎస్, పి అనే అక్షరాలుంటాయి. కొన్నిటి మీద ఎ, ఎస్‌లకు బదులు ఏవీ, టీవీ అని ఉంటాయి. ఒకటి మనం చెబితే రెండోది కెమెరా చూసుకునే పద్ధతులివి. బిందె నింపడమే అనుకోండి. కుళాయి ఎంత తిప్పామన్నది అపర్చర్, ఎంతసేపు తిప్పి ఉంచామన్నది షట్టర్ స్పీడ్. నిండిన బిందె, ఫొటోకి సరిపడా వెలుగు.

'ఎ'లో అపర్చర్ మనది. కడియం నర్సరీలో పువ్వునొక్కదాన్నే చూపాలా? 2.8 లాంటి చిన్న అంకె పెట్టండి, వెనకవి మసకబారతాయి. పిల్లలూ, వెనకాల ఆర్చి బ్రిడ్జీ రెండూ తేటగా రావాలంటే 8 గానీ 11 గానీ పెట్టండి. అంకె చిన్నదైతే కన్ను పెద్దది, అది గుర్తుంచుకుంటే చాలు.

'ఎస్'లో వేగం మనది. రేవులో దూకే పిల్లలకి సెకనులో 500వ వంతు. నీళ్లలో దీపాలు వెలుగు గీతల్లా సాగాలంటే, కెమెరాని స్టాండు మీద పెట్టి ఒక సెకను. 'పి'లో రెండూ కెమెరాయే ఎంచుతుంది, నచ్చకపోతే ఆ జతని మనం మార్చుకోవచ్చు.

ఒక్క మెలిక ఉంది. 'ఎస్'లో వేగం పెంచినప్పుడు వెలుగు చాలకపోతే చాలా కెమెరాల్లో అపర్చర్ అంకె మినుకుమంటుంది. అప్పుడు ఐఎస్ఓ పెంచాలి. ఫొటో కాస్త గరుకుగా వస్తుంది. అయినా ముఖం చెదిరిపోవడం కన్నా నయం కదా!

మొన్న కార్తీకంలో అమ్మ తులసికోట దగ్గర దీపం పెడుతుంటే 'ఎస్'లో సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 3200 పెట్టి తీశాను. గరుకు ఉంది. అమ్మ నవ్వూ ఉంది.

2027 పుష్కరాలకి అమ్మ మోకాళ్లు రేవు మెట్లు దిగనిస్తాయో లేదో. దిగనిస్తే మాత్రం, ఈసారి చక్రం ఎటు తిప్పాలో నాకు తెలుసు.