స్ట్రాటా, లెస్ పాలా, బేసా? డబ్బులు పెట్టేముందు ఇది ఒకసారి వినండి

మొదలుపెట్టేముందు చిన్న రిక్వెస్ట్. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఎందుకో మధ్యలో చెప్తాను.

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఏడాదిగా ట్యూషన్లు చెప్పి పాతిక వేలు దాచాను. ఎలక్ట్రిక్ గిటార్ కొనాలి. స్ట్రాటోకాస్టర్ టైపా, లెస్ పాల్ టైపా? మా బ్యాండ్ వాళ్లేమో బేస్ కొనమంటున్నారు. తప్పు కొంటే ఇంట్లో మళ్లీ అడగలేను." ఆ చివరి మాట చదివాక రెండు లైన్ల రిప్లై ఇచ్చి ఊరుకోబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. మొదటి జీతం రాగానే పోస్టర్‌లో హీరో చేతిలో ఉన్నట్టే ఉందని ఒక బరువైన గిటార్ కొన్నా. అరగంట నిలబడి వాయిస్తే భుజం లాగేసేది. ఆరు నెలలకి సగం ధరకి అమ్మేశా.

సరే, అసలు తేడా ఎక్కడుందో చూద్దాం.

ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. ఆయన రేడియోలు రిపేర్ చేసే మనిషి. అందుకే ఆయన గిటార్ మెషీన్‌లా ఉంటుంది. మెడని బాడీకి స్క్రూలతో బిగించారు. పాడైతే విప్పి మార్చుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే మాడ్యులర్ డిజైన్ అన్నమాట. టెలికాస్టర్ ఆ పేరుతో 1951లో వచ్చింది, స్ట్రాటోకాస్టర్ 1954లో. గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ 1952లో వచ్చింది. దాంట్లో మెడని జిగురుతో అతికిస్తారు.

సౌండ్‌లో పెద్ద తేడా తెచ్చేది పికప్. తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది అదే. అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ, అంతే. స్ట్రాట్‌లో మామూలుగా ఉండేది సింగిల్ కాయిల్. సౌండ్ గాజు గ్లాసు మోగినట్టు స్పష్టంగా ఉంటుంది. కానీ అది యాంటెన్నాలా కూడా పనిచేస్తుంది. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ "హమ్మ్" శబ్దాన్ని కూడా పట్టేస్తుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ అనే ఇంజనీర్ దీనికి మందు కనిపెట్టాడు. రెండు కాయిల్స్‌ని, వాటి అయస్కాంత ధ్రువాలని ఒకదానికొకటి ఎదురుగా అమర్చాడు. అప్పుడు హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ సౌండ్ మాత్రం కలుస్తుంది. అదే హంబకర్. 1957 నుంచి లెస్ పాల్‌లో వచ్చింది. సౌండ్ లావుగా, వెచ్చగా ఉంటుంది. డిస్టార్షన్ పెట్టినా హమ్ గోల తక్కువ.

ఇంకోటి, తీగ పొడవు. ఫెండర్‌లో 25.5 అంగుళాలు, గిబ్సన్‌లో సుమారు 24.75. ముప్పావు అంగుళమేగా అనుకోకండి. అదే తీగ, అదే శ్రుతి పెడితే ఫెండర్‌లో బిగువు సుమారు 6 శాతం ఎక్కువ. తీగ లాగి బెండ్ చేసేటప్పుడు వేలికి తెలిసిపోతుంది.

మరి పెద్దవాళ్లు ఎలా ఎంచుకున్నారు? బ్లాక్ సబ్బత్ గిటారిస్ట్ టోనీ అయోమీకి 17 ఏళ్లప్పుడు ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల చివర్లు పోయాయి. ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు వేసుకుని, తర్వాత శ్రుతి కూడా కిందకి దించాడు. ఆ బరువైన మెటల్ సౌండ్ వెనక ఆ అవసరం కూడా ఉంది. జిమ్మీ పేజ్ అనగానే అందరికీ లెస్ పాల్ గుర్తొస్తుంది. కానీ లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్‌లో ఎక్కువగా వాయించింది టెలికాస్టర్! అంటే మనం చెవితో కాదు, ఫొటోతో వింటున్నాం.

అంత దూరం ఎందుకు, మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారినే తీసుకోండి. మామూలు మాండలిన్‌కి నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే స్వరం ఊగాలి, నిలవాలి. జంట తీగలతో అది కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జతలు తీసేసి ఐదు విడి తీగలతో వాయించారు. ముందు సంగీతం, తర్వాత వాయిద్యం. ఆర్డర్ అదీ.

ఇప్పుడు బేస్. ఇయర్‌ఫోన్స్ ఇందుకే. బేస్ లావు తీగ మూల స్వరం సుమారు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందకి దిగలేదు. అందుకే చాలామందికి బేస్ అసలేం చేస్తుందో తెలీదు, ఎవరూ కొనరు, ప్రతి కాలేజీలో ఐదుగురు గిటారిస్టులు, ఒక్క బేసిస్ట్ ఉండడు!

బేస్‌లో రెండు పెద్ద దారులున్నాయి. 1951లో వచ్చిన ప్రెసిషన్ బేస్‌ది మధ్యలో ఒక పికప్, గుండ్రటి దిట్టమైన సౌండ్. మోటౌన్ పాటల జేమ్స్ జేమర్సన్ దాన్ని ఒక్క చూపుడు వేలితో వాయించేవాడు. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి రెండు పికప్‌లు, మెడ సన్నం, మొదట్లో వెడల్పు ఒకటిన్నర అంగుళమే. జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని జాజ్ బేస్‌తో పాట పాడినట్టు వాయించాడు. డ్రమ్స్‌తో కలిసి గోడలా నిలబడాలంటే మొదటిది, బేస్ కూడా విడిగా మాట్లాడాలంటే రెండోది. ఇది రూల్ కాదు, మొగ్గు మాత్రమే.

ఇక తమ్ముడూ, నీకు నా జవాబు. పాతిక వేలూ గిటార్ మీద పెట్టకు. యాంప్, కేబుల్, సెటప్ ఖర్చు పక్కన పెట్టు. షాప్‌కి వెళ్లి కూర్చుని కాదు, నిలబడి పావుగంట వాయించు. ఏది మెడలో ఉన్నట్టే అనిపించదో దాన్ని చూడు. ఏమీ తేల్చుకోలేకపోతే, బ్రిడ్జి దగ్గర హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్స్ ఉన్న మోడల్ చూడు, రెండు రుచులూ దొరుకుతాయి. బేస్ మాత్రం కొనకముందు ఒక వారం ఎవరిదైనా అడిగి తెచ్చుకో. డ్రమ్మర్ పక్కన నిలబడి వాయిస్తుంటే నీకు నవ్వొచ్చిందా, నువ్వు బేసిస్ట్‌వే. బ్యాండ్ వాళ్ల కోసం మాత్రం కొనకు. వాళ్లు రేపు విడిపోవచ్చు, వాయిద్యం నీ దగ్గరే ఉంటుంది.

మీరైతే ఏది తీసుకుంటారు, ఎందుకు? "ఎందుకు" మాత్రం తప్పకుండా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!