400 గజాల దూరం

1986 అక్టోబరు. అమెరికాలోని బర్కిలీలో కొండవాలున లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల, దాని దిగువనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. రెండింటి మధ్య దూరం 400 గజాలు. వాటిని కలిపే నెట్ మామూలుగా సెకనుకు 32 వేల బిట్లు మోసేది. ఉన్నట్టుండి అది 40 బిట్లకు పడిపోయింది. 40 వేలు కాదు, ఉత్త 40! పావు సెకనులో చేరాల్సిన వెయ్యి అక్షరాల ఉత్తరానికి ఆ లెక్కన మూడు నిమిషాల పైనే పడుతుంది.

ప్రయోగశాలలో పనిచేసే వాన్ జేకబ్సన్, విశ్వవిద్యాలయంలో యునిక్స్ పని చూసే మైక్ కారెల్స్ కలిసి కారణం వెతికారు. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. జబ్బల్లా కంప్యూటర్ల తొందరే. నెట్‌లో సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. వెళ్లినవి ముట్టాయని అవతలి నుంచి రసీదు రావాలి. దారి ఇరుకైన చోట ప్యాకెట్లు క్యూ కడతాయి, క్యూ నిండితే కొత్తగా వచ్చినవి నేలపాలవుతాయి. రసీదు ఆలస్యమైతే, పంపిన కంప్యూటరు ప్యాకెట్ పోయిందనుకుని మళ్లీ పంపేది. సందులో బళ్లు చిక్కుకుపోతే వెనకనుంచి ఇంకో నాలుగు బళ్లు తోలినట్టు. చివరికి దారి నిండా పంపినవాటి నకళ్లే.

జేకబ్సన్ 1988లో ప్రకటించిన మందుకు కొత్త తీగలు అక్కర్లేదు, పంపే ప్రోగ్రాం మారితే చాలు. మొదట కొంచెమే పంపు. రసీదు వస్తే రెట్టింపు చెయ్యి. ఎక్కడైనా ప్యాకెట్ పోయిందా, దారి నిండిందని గ్రహించి గబుక్కున తగ్గు, మళ్లీ మెల్లగా పెరుగు. కాపలావాడు లేడు, పైనుంచి ఆజ్ఞ లేదు. ఎవరికి వారు తగ్గడం వల్ల అందరికీ దారి దొరికింది. నెట్ చరిత్రలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే ఆలోచన ఇదే.

ఆ నెమ్మది ఆరంభం ఇవాళ్టికీ ఉంది. ఇప్పుడు మొదటి విడతలో సాధారణంగా 10 ప్యాకెట్లు, అంటే సుమారు 14 కిలోబైట్లు వెళ్తాయి. వెబ్‌సైటు కట్టేవారు పేజీ పైభాగానికి కావలసిన రాతనూ రూపాన్నీ అందులో ఇమిడిస్తే, పాఠకుడికి రెండో విడత కోసం చూసే పని తప్పుతుంది.

జేకబ్సన్ మందు తర్వాతి ఏళ్లలో మెమరీ చవకైంది. మోడెములు, రౌటర్లు చేసేవాళ్లు ప్యాకెట్ పోకూడదన్న మంచి ఉద్దేశంతోనే వాటిలో పెద్ద పెద్ద బఫర్లు, అంటే ప్యాకెట్లు క్యూలో ఆగే చోట్లు, పెట్టారు. అక్కడే చిక్కొచ్చింది. ప్యాకెట్ పోతేనే కదా, పంపేవాడికి దారి నిండిందని తెలిసేది! సెకనుకు 10 లక్షల బిట్లు పంపే లైనులో 256 కిలోబైట్ల బఫర్ నిండితే, వెనక చేరిన ప్రతి ప్యాకెట్‌కీ రెండు సెకన్లు నిలబడాల్సిందే. 2010లో జిమ్ గెట్టిస్ తన ఇంటి నుంచి ఫైళ్లు పంపుతూ ఇలాంటి జాప్యాన్నే పట్టుకుని, దానికి ‘బఫర్‌బ్లోట్’ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్‌తో కలిసి జేకబ్సనే మళ్లీ మందు తెచ్చాడు. పేరు కోడెల్. క్యూ ఎంత పొడుగుందని అది చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్ల కిందికి దిగకపోతే, ఒక ప్యాకెట్‌ను కావాలనే వదిలేసి పంపేవాడిని హెచ్చరిస్తుంది.

ఇంట్లో ఒకరు పెళ్లి వీడియో ఎక్కిస్తుంటే పక్క గదిలో వీడియో కాల్ ముక్కలవుతోందా? ఇంకా పెద్ద ప్లాను కొనేముందు ఒక పరీక్ష చేయండి. కంప్యూటర్లో పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం చూపే ఆదేశం) నడిపి, అదే సమయంలో పెద్ద ఫైలు ఎక్కించండి. 20, 30 మిల్లీసెకన్లుండే అంకె వందల్లోకి ఎగబాకితే, క్యూ ఎక్కడో పేరుకుంటోందని అర్థం. రౌటర్ సెట్టింగుల్లో క్యూను అదుపు చేసే ఎస్‌క్యూఎం (SQM) అనేది ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ హద్దును లైను అసలు వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. అప్పుడు క్యూ మోడెంలో కాక, దాన్ని అదుపు చేయగల రౌటర్‌లో పడుతుంది. వీడియో ఎక్కడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. కాల్ మాత్రం నిలబడుతుంది.